వాయనంలో కంద

మనుషుల్ని క్షమిస్తే ఒంటికి మంచిదని చాలామంది చెబుతుంటారు. నేను క్షమించలేదు. ఒంట్లో బాగానే ఉంది. నాకు నయమైంది మజ్జిగతో, కందతో, నడకతో, కడుపునిండా నీళ్ళతో. క్షమకి అందులో ఏ వాటా లేదు.

మా పాప పుట్టినప్పుడు మేం అమెరికాలో, న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఉండేవాళ్ళం. ఆ అపార్ట్‌మెంట్లలో సగానికి పైగా మనవాళ్ళే. పొద్దున మగవాళ్ళు ఆఫీస్‌కి వెళ్ళిపోతే కార్లతో పాటు మా కాళ్ళు కూడా వెళ్ళిపోయినట్టే. నాకు డ్రైవింగ్ రాదు. ఉద్యోగం చేయడానికి వీసా ఒప్పుకోదు. ఇంట్లో కొత్తిమీర అయిపోయినా శనివారం దాకా ఆగాలి. మా అమ్మ పురిటికి వస్తుందని ఆశపడ్డాను కానీ ఆవిడకి వీసా రాలేదు. రెండోసారి వెళ్ళినా రాలేదు. నిండు నెలలతో ఫోన్ పట్టుకుని ఏడుస్తుంటే పై అంతస్తులో ఉండే అక్క దిగి వచ్చింది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. గుంటూరు జిల్లాలో మా ఊరికి పక్క ఊరు వాళ్ళది. నాకంటే పెద్దది, ముందే వచ్చి స్థిరపడింది, కారు నడుపుతుంది, ఎవరింట్లో ఏం జరిగినా మొదట ఆవిడే అక్కడుంటుంది. అందరికీ ఆవిడ అక్కే. నా తల నిమిరి, "మీ అమ్మ రాకపోతే ఏం, నేను లేనా? నీ పత్యం నేను చూస్తాగా" అంది. నాకు దుఃఖం ఆగలేదు. దేశంకాని దేశంలో ఇంత మనిషి దొరికిందని ఆ రోజు ఎంత ఏడ్చానో. ఆ కన్నీళ్ళు ఇప్పుడు తలుచుకుంటే దండగనిపిస్తుంది.

బాలింతరాలి పత్యం అంటే మా వైపు చాలా నియమాలే ఉన్నాయి. వాటిల్లో పనికొచ్చేవి వదిలేసి ప్రాణం తీసేవన్నీ అక్క ఏరుకుని పెట్టుకుంది. మూడు పూటలా వేడి అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి. కూర లేదు, ఆకు లేదు, పండు లేదు. మజ్జిగ మాట ఎత్తితే బిడ్డకి జలుబు చేస్తుందనేది. అన్నిటికంటే ఘోరం నీళ్ళు. వాళ్ళింటి నుంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చింది. పసిపిల్లలకి పాలు పట్టే సైజు, అంచు ఒక పక్క నొక్కుకుపోయి ఉంటుంది. కాచి చల్లార్చిన నీళ్ళు దాంట్లో సగానికి పోసి అన్నం తిన్నాక ఇచ్చేది. ఇంకొంచెం పొయ్యమంటే ఒకటే మాట.

"నీళ్ళు తాగితే పొట్ట జారిపోద్ది. తర్వాత నువ్వే ఏడుస్తావు. నోరు మూసుకుని పడుకో."

బయట మంచు, లోపల హీటర్. ఆ పొడిగాలికి పెదవులు చిట్లి రక్తం కారేది. పాలిచ్చే మనిషికి దాహం ఎలా వేస్తుందో పాలిచ్చినవాళ్ళకే తెలుసు. గొంతులో ఇసుక పోసినట్టుండేది. ఆవిడ పైకి వెళ్ళాక లేచి తాగొచ్చు కదా అని ఇప్పుడు మా అమ్మాయి అడుగుతుంది. తాగలేదు. పెద్దావిడ చెప్పింది, మా అమ్మ స్థానంలో ఉండి చెప్పింది, తాగితే ఏదో అయిపోతుందని భయం. చదువుకున్నదాన్నే, కానీ బాలింత మంచం మీద చదువు ఎవరికి గుర్తుంటుంది?

అలా ఆ పత్యం నాకు మొలలు తెచ్చింది. చుట్టుతిప్పి చెప్పడం నాకు రాదు. పైల్స్ అనండి, మూలశంక అనండి, ఏ పేరు పెట్టినా నొప్పి ఒకటే. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే వాయిదా వేసుకుంటూ పోయేదాన్ని. తలుపేసుకుని టవల్ నోట్లో కుక్కుకునేదాన్ని. పాపకి పాలు పట్టాలంటే ఒక పక్కకి ఒరిగి, దిండు మీద దిండు వేసుకుని, అప్పటికీ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. రక్తం చూసిన రోజు చచ్చిపోతాననుకున్నాను. మా ఆయనకి కూడా వెంటనే చెప్పలేదు.

కాన్పు తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మకి చెప్పాను. పరీక్ష చేసి, భయపడాల్సింది లేదంది. రోజుకి నీళ్ళు ఎంత తాగుతావని అడిగింది. చేత్తో చూపించాను. ఆవిడకి అర్థంకాక మళ్ళీ అడిగింది. మళ్ళీ అంతే చూపించాను. ఎవరు తాగొద్దన్నారంటే, "మా అక్క" అన్నాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. తర్వాత నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. నీళ్ళు తాగాలి, పీచు ఉన్న తిండి తినాలి, గోరువెచ్చని నీళ్ళలో కూర్చోవాలి, ముక్కకూడదు, రక్తం ఆగకపోతే మళ్ళీ రావాలి. ఆ రోజు పార్కింగ్ లాట్‌లో, కార్‌లో, సీసాడు నీళ్ళు గటగటా తాగేశాను. అంత రుచైన పదార్థం నా జన్మలో ఎరగను.

ఇంటికొచ్చి కాలింగ్ కార్డు గీకి మా అమ్మకి ఫోన్ చేశాను. మా తాతయ్య ఊళ్ళో ఆయుర్వేదం చూసేవాడు, ఆయన దగ్గర మందులు నూరి పెట్టింది మా అమ్మే. విషయం వినగానే ముందు అక్కని నాలుగు తిట్టింది. మొలలకి కంద తర్వాతే ఏదైనా అంది. కందకి వైద్యంలో అర్శోఘ్నం అని పేరట, అంటే మొలల్ని చంపేదని. ఉడకబెట్టి, కారం లేకుండా, నేతితో తినమంది. వెన్న తీసిన పల్చటి మజ్జిగలో వేయించిన వాము పొడి, చిటికెడు సైంధవ లవణం కలిపి తాగమంది. రాత్రి నానేసిన ఎండు ద్రాక్ష పొద్దున్నే. త్రిఫల చూర్ణం కూడా మంచిదే కానీ బిడ్డ పాలు మరిచేదాకా చూర్ణాల జోలికి పోవద్దని గట్టిగా చెప్పింది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కాఫీ పేరు ఎత్తొద్దంది. గుంటూరు పిల్లకి ఇది చిన్న శిక్ష కాదు.

ఇక కంద ఎలా వస్తుంది? మా ఆయన్ని ఐసెలిన్‌లో మనవాళ్ళ కొట్లకి పంపించాను. ఒకసారి చామదుంప తెచ్చారు. ఇంకోసారి పెండలం తెచ్చారు. ఆయన తప్పు కాదు, దుంపలన్నీ ఆయనకి మట్టిముద్దలే. మూడోసారి పంపే ఓపిక లేక, ప్రతి శనివారం ఆ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డుకి వెళ్ళి ఊరందరి సరుకులూ మోసుకొచ్చే అక్కనే అడిగాను. కంద ఎందుకంది. ఊరికే తినాలనిపించిందన్నాను. బాలింతవి, దురదపుట్టే దుంపలు నీకెందుకు, తేనంది. ఇక చెప్పక తప్పలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని తెలుసు. అందుకే చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరికీ చెప్పకక్కా."

"నేనెవరికి చెప్తానే, పిచ్చిమొహమా."

కంద మాత్రం తెచ్చింది. ఆ మాట ఒప్పుకోవాలి.

శ్రావణమాసంలో అక్క ఇంట్లో వరలక్ష్మీవ్రతం. అప్పటికి నాకు చాలావరకు తగ్గింది కానీ నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చునే పరిస్థితి లేదు. హాల్లో సోఫాలు గోడకి నెట్టి, కార్పెట్ మీద దుప్పట్లు పరిచారు. పట్టుచీరలన్నీ కింద కూర్చున్నాయి. నేను పాపని ఎత్తుకుని గోడవార నిలబడ్డాను. ఎవరో, అలా నిలబడ్డావేంటి, వచ్చి కూర్చో అన్నారు. పర్లేదన్నాను. మళ్ళీ అన్నారు. పాప ఏడుస్తుందన్నాను. పాప హాయిగా నిద్రపోతోంది. అప్పుడు అక్క, కలశానికి పసుపు రాస్తూ, తల కూడా ఎత్తకుండా అంది.

"దాన్ని వదిలెయ్యండే. కూర్చునే యోగం లేదు పాపం. కంద తింటోంది."

ఒక్క క్షణం పట్టింది వాళ్ళకి. తర్వాత నవ్వారు. పకపకా నవ్వారు. ఒకావిడకి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకోవాల్సొచ్చింది. నేను అమ్మవారి వైపు చూస్తూ నిలబడ్డాను. ఆవిడ పెట్టిన పత్యంతో వచ్చిన రోగం, ఆవిడకే చెప్పుకున్న రహస్యం, ఆవిడ ఇంట్లోనే అందరి ముందూ పంచిపెట్టింది. ఆ రోజు నాకిచ్చిన తాంబూలంలో అరటిపండు పక్కన నా రోగానికి పడని శనగలు ఎక్కువే వేసి, "తిను, ఏం కాదులే" అని మళ్ళీ నవ్వించింది. ఇంటికొచ్చి ఆ శనగలు చెత్తబుట్టలో పోశాను. పాపం తగిలితే తగలనీ అనుకున్నాను.

అక్కడితో ఆగితే మరిచిపోయేదాన్నేమో. ఆ హాల్లో పిల్లలు కూడా ఉన్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలు. పరాయి ఆడవాళ్ళందరూ వాళ్ళకి ఆంటీలే, పేర్లు ఎలా వస్తే అలా తగిలిస్తారు. టెస్లా ఆంటీ అని ఇప్పుడంటున్నారు చూడండి, అలా. తల్లులు ఫోన్లలో నన్ను కంద, కంద అని చెప్పుకుని నవ్వుకుంటుంటే పిల్లలు అదే నా పేరనుకున్నారు. వాళ్ళ వచ్చీరాని యాసలో "కందా ఆంటీ" అయింది. పాపం ఆ పసివాళ్ళకి ఏ ఎగతాళీ లేదు. ఎంతో మర్యాదగా, "హాయ్ కందా ఆంటీ" అనేవారు. నేను హాయ్ చెప్పేదాన్ని. నీకు బాధగా ఉండదా అని ఒకావిడ అడిగితే, కందకు లేని దురద కత్తిపీటకెందుకని నవ్వేశాను. నిజానికి దురదంతా కందకే.

కోపం నాకు బాగా పనికొచ్చింది. పొద్దున లేస్తూనే అక్క మొహం తలుచుకుని నిండా ఒక చెంబు గోరువెచ్చని నీళ్ళు తాగేదాన్ని. పాప కోసం కొన్న ప్లాస్టిక్ స్టూలు కమోడ్ ముందు పెట్టుకుని దాని మీద కాళ్ళుంచి కూర్చునేదాన్ని. ఇక్కడి కమోడ్ల ఎత్తుకి మన పేగులు అలవాటు పడలేదు, మోకాళ్ళు పైకి లేస్తే సగం కష్టం పోతుంది. పని అవగానే లేచెయ్యడం, పత్రిక పట్టుకుని లోపల కాపురం పెట్టకపోవడం మా ఆయనకి కూడా నేర్పించాను. సాయంత్రం వేడినీళ్ళ తొట్టి. మంచు పడితే మాల్‌లో, లేకపోతే కాంప్లెక్స్ చుట్టూ స్ట్రోలర్ తోసుకుంటూ నడక. చేతులకి నూనె రాసుకుని కంద తరిగి, చింతపండు, పసుపు వేసి ఉడికించి, బచ్చలికూర కలిపి, ఆవపిండి తగ్గించి వండేదాన్ని. తోటకూర, సొరకాయ, ముల్లంగి, పొట్టుతో పెసలు. పాప పాలు మరిచాక రాత్రిపూట త్రిఫల. మధ్యమధ్యలో నోరు కట్టేసుకోలేక ఆవకాయ తిన్నాను, తిన్నప్పుడల్లా బుద్ధి వచ్చేది. ఏడాది తిరిగేసరికి నేల మీద బాసిపట్టు వేసుకుని గంటలు గంటలు కూర్చోగలిగాను.

డ్రైవింగ్ కూడా నేర్చుకున్నాను. నా కంద నేనే తెచ్చుకోవాలని నేర్చుకున్నాను. ఇలాంటి కారణంతో లైసెన్సు తీసుకున్నది న్యూజెర్సీ మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అక్కతో మాట్లాడటం మానలేదు. మానితే నొచ్చుకున్నానని తెలిసిపోతుంది. పండగలకి పిలిచేదాన్ని, పిలిస్తే వెళ్ళేదాన్ని. పత్యం మాట ఎత్తలేదు. నిదానమే ప్రధానమని మా అమ్మ అంటుండేది, వంట విషయంలో అనుకోండి.

మా పాప ఒకటో తరగతిలో ఉండగా ఒకరోజు, అమ్మా నిన్ను అందరూ కందా ఆంటీ అని ఎందుకంటారని అడిగింది. ఏం చెప్పను? కంద బాగా వండుతానని అన్నాను. దాని మొహం వెలిగిపోయింది. మరుసటి వారం ఒక పుట్టినరోజు పార్టీలో, పెద్దలందరూ కేకు చుట్టూ నిలబడి ఉంటే, నా నడుము చుట్టూ చేతులేసి గొప్పగా చెప్పింది.

"మై మామ్ ఈజ్ ద రియల్ కందా ఆంటీ."

తల్లులందరూ మొహాలు పక్కకి తిప్పుకున్నారు. అక్క మాత్రం తిప్పుకోలేదు. నా కళ్ళలోకి చూస్తూ నోటికి పేపర్ ప్లేటు అడ్డం పెట్టుకుంది. ప్లేటు వెనక నవ్వు కదులుతోంది. నా కూతురు ఆ నవ్వు చూసి, తనూ నవ్వింది. ఆవిడ కూడా నాలాగే నలుగురి మధ్య నిలబడే రోజు రావాలి, అదే ఆడవాళ్ళు చూడాలి. ఆ కేకు ముక్క చేతిలో పట్టుకుని అదొక్కటే కోరుకున్నాను.

కోరిక తీరడానికి కొన్నేళ్ళు పట్టింది. మేం ఇల్లు కొనుక్కుని మారాం. అక్కావాళ్ళు కూడా కొనుక్కున్నారు. అక్క సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసి ఉద్యోగంలో చేరింది, ఇంటి నుంచే పని, పొద్దస్తమానం కుర్చీలోనే. ఒకరోజు మధ్యాహ్నం చెప్పకుండా వచ్చింది. సోఫా అంచు మీద, ఎడమ పక్కకి ఒరిగి కూర్చుంది. చూడగానే అర్థమైంది. ఆ ఒరుగు నాకంటే బాగా ఎవరికి తెలుసు?

సోఫాలో కూర్చుంటే మాట్లాడుకోవడానికి వీలుగా లేదని, డైనింగ్ టేబుల్ దగ్గరికి పిలిచి చెక్క కుర్చీ చూపించాను. కావాలనే. మెత్త కూడా వెయ్యలేదు. అక్క నిలబడే ఉంటానంది. కాఫీ ఇచ్చాను, నిలబడే తాగింది. పిల్లల చదువులు మాట్లాడింది, గ్రీన్‌కార్డ్ గురించి మాట్లాడింది, ఎండల గురించి మాట్లాడింది. నేను అన్నిటికీ ఊఁ కొట్టాను. అడగలేదు. ఆవిడంతట ఆవిడ చెప్పేదాకా వంటింటి గట్టు తుడుస్తూనే ఉన్నాను. చివరికి తల వంచుకుని, ఈమధ్యే మొదలైంది, ఉద్యోగం వల్లే అనుకుంటా అంది. నువ్వు అప్పట్లో ఏం వాడావని అడిగింది. నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరికీ చెప్పకే."

"చెప్పనక్కా. నా నోటి వెంట మాట రాదు."

ముందు డాక్టర్ దగ్గరికి పంపాను. రక్తం పడుతుంటే అది మొలలేనని మనకి మనం అనుకోకూడదు, చూపించుకున్నాకే మిగతావి అన్నాను. ఆవిడ అల్లాడాలని కోరుకున్నాను కానీ చావాలని కోరుకోలేదు. రిపోర్టు మంచిగా వచ్చాక నా వైద్యం మొదలుపెట్టాను. ఆ రోజులు నా జీవితంలో చాలా సంతోషకరమైన రోజులని చెప్పడానికి నాకేం సిగ్గులేదు. వాళ్ళింటికి వెళ్ళి ఫ్రిజ్ తెరిచి ఆవకాయ జాడీ, గోంగూర పచ్చడి, పండుమిరప కారం తీసి మా ఇంటికి పట్టుకొచ్చేశాను. కాఫీ పొడి కూడా. కూరల్లో కారం వెయ్యొద్దన్నాను. ఉప్పు లేని కంద ముక్కలు ఉడికించి డబ్బాలో పంపాను. ఉప్పు వెయ్యొచ్చు నిజానికి. కొంచెం వేస్తే ఏమీ కాదు. నేను వెయ్యలేదు.

పొద్దున్నే ఫోన్ చేసి నడిచావా అని అడిగేదాన్ని. మజ్జిగ తాగావా, స్టూలు పెట్టుకున్నావా అని స్పీకర్ ఫోన్‌లో అడిగేదాన్ని. గంటకోసారి కుర్చీలోంచి లేవాలని చెప్పి, లేచినట్టు మెసేజ్ పెట్టమన్నాను. ఆవిడ అన్నీ చేసింది. నాకు తగ్గినట్టే ఆవిడకీ తగ్గింది. మొహంలో కళ వచ్చింది. నాకు కృతజ్ఞతలు కూడా చెప్పింది. అక్కడికి ఇద్దరి లెక్కా సరిపోయిందని ఇంకెవరైనా అనుకునేవారు. నాకు మాత్రం పేపర్ ప్లేటు వెనక నవ్వు కదులుతూనే ఉంది.

ఆ శ్రావణంలో వ్రతం మా ఇంట్లో. పాతవాళ్ళందర్నీ పిలిచాను, పార్సిప్పనీ వదిలి దూరం వెళ్ళినవాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళలో ఒకావిడ వరంగల్ నుంచి వచ్చిన అత్తగారిని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ ఆర్నెల్లు ఉండటానికి వచ్చిన పెద్దముత్తైదువ, నిండా కుంకుమ, చేతులనిండా గాజులు. అందరూ నేల మీద కూర్చున్నారు. అక్క కూడా కూర్చుంది, ఇప్పుడు కూర్చోగలదు కదా. పూజ అయింది. కథ చదువుకున్నాం. తోరాలు కట్టుకున్నాం. తొలి వాయనం ఎవరికని అడిగితే, ఇంకెవరికి, నాకు పురుడు పోసిన అక్కకే అన్నాను. అక్క మురిసిపోయి ముందుకి జరిగింది.

తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. వాయనం పుచ్చుకునే ముత్తైదువ ఆ క్షణానికి సాక్షాత్తు అమ్మవారు. కొంగు పట్టి అందుకోవాలి, అందుకున్నానని పైకి చెప్పాలి. వద్దనడానికి వీల్లేదు. మూడుసార్లు అనాలి. లోపల ఏముందని కొంగు విప్పి చూసుకోవడం పద్ధతి కాదు, కానీ నా వాయనం చూసుకోకుండానే అందరికీ కనిపిస్తుంది.

ఐసెలిన్ నుంచి నేనే కారు నడుపుకుంటూ వెళ్ళి ఏరి తెచ్చిన కంద. కొబ్బరికాయకంటే కొంచెం పెద్దది. మట్టి పోయేలా తోమి, నిండా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టాను. రవికెల గుడ్డ, తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, వాటి నడుమ శనగల బదులు అది.

నా కొంగు కప్పి ఆవిడ కొంగులో పెట్టాను. బరువుకి ఆవిడ చేతులు కిందికి దిగాయి. చూసింది.

"ఇస్తినమ్మ వాయనం" అన్నాను.

కార్పెట్ మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ మెడలు సాచారు. వాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ దుంపకి ఆ అర్థం నేర్పింది అక్కే.

"ఇస్తినమ్మ వాయనం" అన్నాను మళ్ళీ.

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అంది, వినీ వినపడకుండా. మూడోసారి దాకా అనిపించాను. తర్వాత పద్ధతి ప్రకారం వంగి ఆవిడ పాదాలకి పసుపు రాశాను. తీరిగ్గా, మడమల దాకా రాశాను.

ఎవరూ నవ్వలేదు. నేను నవ్వు కోసం ఎదురుచూశాను. అదే నవ్వు, అదే పకపక, ఈసారి ఆవిడ మీద. బదులుగా వరంగల్ పెద్దావిడ గొంతు వినపడింది.

"నాకు సుత ఒకటియ్యి బిడ్డా. ఈడికొచ్చినకాంచి నాకు మొలలు లేసినయి. కోడలికి చెప్పుకుంటె సిగ్గు, చెప్పకుంటె పానం పోతుంది."

ఆ మాట ఆ హాల్లో పైకి పలికింది ఆవిడే మొదలు. నాకు ఒళ్ళు మండింది. నా పగంతా చేతుల్లోంచి జారిపోయినట్టయింది. ఆవిడ అంత మామూలుగా అనేస్తే ఇక సిగ్గుపడేదెవరు? అంతలో నా పక్కన కూర్చున్నావిడ, పాత రోజుల్లో పక్క బిల్డింగ్‌లో ఉన్నావిడ, గాజులు తిప్పుకుంటూ నెమ్మదిగా అంది, నాకూ ఉంది, చిన్నాడు పుట్టినప్పట్నించి. ఆ రోజు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నది ఈవిడే. నవ్వకపోతే తెలిసిపోతుందని నవ్విందట. నీకు పత్యం ఎవరు పెట్టారన్నాను. ఆవిడ అక్క వైపు చూసింది.

"నీళ్ళు?" అన్నాను.

"గ్లాసుతో కొలిచి ఇచ్చేది."

"స్టీలు గ్లాసు. అంచు నొక్కుకుపోయి."

ఆవిడ తల ఊపింది. బాలింతకి నీళ్ళియ్యకుంట ఎట్ల అని పెద్దావిడ ఆశ్చర్యపోయింది. అందరూ అక్క వైపు తిరిగారు. అక్క ఒడిలో కంద పెట్టుకుని, దాని మీది కుంకుమ బొట్టుని బొటనవేలితో రుద్దుతోంది.

"ఆ గ్లాసు మా అమ్మది. మా పెద్దాడు పుట్టినప్పుడు నాకు దాంతోనే ఇచ్చింది" అంది. బొట్టు మొత్తం చెరిగిపోయాక, "నాకు అప్పట్నించీ ఉంది" అంది.

అంటే ఈమధ్య వచ్చింది కాదు. కలశానికి పసుపు రాస్తూ తల ఎత్తకుండా నా గురించి చెప్పిన రోజున ఉంది. పేపర్ ప్లేటు అడ్డం పెట్టుకున్న రోజున ఉంది. అంతకుముందు, నేను గొంతెండి ఇంకొంచెం పొయ్యక్కా అని అడిగిన ప్రతిపూటా ఉంది. ఇక్కడ నాకు జాలి వేసిందని రాస్తే బాగుంటుంది. వెయ్యలేదు. ఆ నొప్పి ఎలాంటిదో తెలియక ఇచ్చిందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. తెలిసే ఇచ్చింది. తనకి పోసినంతే నాకూ పోసింది, చుక్క ఎక్కువ కాకుండా.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. మా ఆయన లస్సీ తాగే పెద్ద గాజు గ్లాసు ఉంది. అంచుల దాకా నీళ్ళు పోసి, తొణక్కుండా పట్టుకొచ్చి అక్క చేతిలో పెట్టాను.

"తాగు" అన్నాను.

అందరూ చూస్తుండగా తాగింది. సగంలో ఆగి నా మొహంలోకి చూసింది. నేను కదల్లేదు. మళ్ళీ ఎత్తి, చివరిదాకా తాగింది. ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ నింపుకొచ్చాను.